ఆ బీరువా మీది నీటి చార

(గోదావరి జిల్లాల కాలేజీల పూర్వ విద్యార్థి సంఘాల వారి ముందు ఒక విశ్రాంత లైబ్రేరియన్ చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకీ, ఇన్ని ఊళ్ళ నుంచి పని మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. వెనక వరసల్లో మా కాలేజీ పిల్లలు కొందరు కనిపిస్తున్నారు. పిల్లలు అంటున్నాను గానీ వాళ్ళలో ఇద్దరికి మనవలు కూడా ఉన్నారు. లైబ్రరీ కౌంటర్ ఇవతల నిలబడి చూసినవాళ్ళు నాకు ఎప్పటికీ పిల్లలే.

నన్ను పిలిచినప్పుడు ఒకటే మాట అడిగారు. "మేడమ్, చదువు అయిపోయి వెళ్ళిపోయినవాళ్ళు మళ్ళీ కాలేజీ మొహం చూడాలంటే ఏం చెయ్యాలండీ?" దానికి నాకు తెలిసిన జవాబు ఒక ఇనప బీరువాలో ఉంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆకుపచ్చ బీరువా. లైబ్రరీలో ఉత్తరం వైపు కిటికీ పక్కన ఉంటుంది. నేల నుంచి మోకాలి ఎత్తున దాని మీద అడ్డంగా ఒక గోధుమరంగు చార ఉంది. రెండుసార్లు రంగు వేయించాం. రెండుసార్లూ కొన్నాళ్ళకి మళ్ళీ పైకి తేలింది. అది 1986 ఆగస్టులో గోదావరి పెట్టిన గుర్తు. భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటిన వరద అది. ధవళేశ్వరం దిగువన గట్లు ఎక్కడెక్కడ తెగాయో ఈ హాల్లో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మాది ఏటిగట్టు కింద కాలేజీ. నేను ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. దీపాలు పెట్టే వేళకి నీళ్ళొస్తున్నాయని కబురు వచ్చింది. హాస్టల్ కుర్రాళ్ళు పాతిక ముప్పై మంది ఎవరూ పిలవకుండానే పరుగెత్తుకొచ్చారు. మెట్టుకొకడు నిలబడ్డాడు. కింది అరల్లో పుస్తకాలు ముందు, పై అరల్లోవి తర్వాత, చేతి మీంచి చేతికి మేడ మీదకి ఎక్కించేశారు. కరెంటు లేదు, రెండు లాంతర్లు. లైబ్రరీలోకి వచ్చిన ప్రతి పుస్తకం లెక్కా రాసే యాక్సెషన్ రిజిస్టర్లు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా నేనే పవిటలో చుట్టుకుని పట్టుకెళ్ళాను. తెల్లారి చూస్తే కింద గదిలో మోకాలి లోతు నీళ్ళు. వేల పుస్తకాలు ఉన్న లైబ్రరీలో తడిసినవి వంద లోపే.

ఇది ఇంతవరకే అయితే జ్ఞాపకం. ఇలాంటివి ప్రతి కాలేజీలో ఉంటాయి, మీ దగ్గరా ఉంటాయి. తర్వాత జరిగింది వినండి.

2015లో రిటైరయ్యాక, ఏడాదికి నాలుగుసార్లు పూర్వ విద్యార్థులకి ఉత్తరం పంపే పని నేను పెట్టుకున్నాను. మొదటి ఏడాది అన్నీ జ్ఞాపకాలే పంపాను. పాత గ్రూపు ఫోటోలు, వార్షికోత్సవాలు, నాటకాలు, ఫలానా మాస్టారు పాఠం చెప్పే తీరు. "అబ్బ, ఎంత బాగుండేవో ఆ రోజులు" అని మెచ్చుకున్నారు, అంతటితో సరి. మూడో ఉత్తరానికి ఆ మెప్పు కూడా పల్చబడింది. రెండో ఏడాది అన్నీ వార్తలే పంపాను. సెమినార్లు, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం రావడం, ముఖ్య అతిథులు, శాలువాలు. జవాబే రాలేదు. నాకది తప్పనిపించలేదు కూడా. పాతికేళ్ళ కిందట వెళ్ళిపోయిన మనిషికి, తను ఎప్పుడూ చూడని ప్రిన్సిపాల్ గారు ఎవరికో శాలువా కప్పితే ఏమవుతుంది?

మూడో ఏడాది ఒకరోజు పాత అలవాటు కొద్దీ లైబ్రరీకి వెళ్ళాను. ఫస్టియర్ అమ్మాయి ఆ బీరువా పక్కన కూర్చుని బ్యాంకు పరీక్షకి చదువుకుంటోంది. లంక ఊరి పిల్ల. పొద్దున్నే పడవ దాటి, ఆటో ఎక్కి వస్తుంది. ఇంట్లో చదువుకోవడానికి చోటు లేదు, అందుకని సాయంత్రం ఆఖరి పడవ వేళ దాకా అక్కడే ఉంటుంది. నన్ను చూసి అడిగింది, "మేడమ్, ఈ మరక ఏంటండీ? తుడిస్తే పోవట్లేదు."

ఆ మాటకి నేను కాసేపు జవాబు చెప్పలేకపోయాను. రోజూ ఆ చార పక్కనే కూర్చుంటోంది, అది ఎందుకొచ్చిందో తెలియదు. ఆ చార వెనక ఉన్న ముప్పై మంది కుర్రాళ్ళకి ఇప్పుడు అక్కడ ఎవరు కూర్చుంటున్నారో తెలియదు. ఆ రాత్రి ఇంటికెళ్ళి ఒకే కాగితం మీద రెండూ రాశాను. పైన 1986 నాటి రాత్రి. కింద ఇవాళ ఆ బీరువా పక్కన ఎవరున్నారు, ఏం చదువుతోంది, ఏమని అడిగింది. ఆ అమ్మాయి పేరు రాయలేదు, ఆమెని అడిగే రాశాను.

ఆ వారంలో వచ్చినన్ని ఫోన్లు అంతకుముందు రెండేళ్ళలో రాలేదండి. ఒకతను దుబాయ్ నుంచి చేశాడు. "మేడమ్, ఆ రాత్రి ఏడో మెట్టు మీద ఉన్నది నేనే" అన్నాడు. చాలాసేపు మాట్లాడాడు. ఎవరి చెయ్యి జారి ఏ పుస్తకం నీళ్ళలో పడిందో కూడా చెప్పాడు. పెట్టేసే ముందు అడిగాడు: "ఆ కిటికీ పక్కన ఫ్యాను ఉందాండీ ఇప్పుడు? ఎండాకాలం అక్కడ కూర్చోలేం కదా."

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. అతను ఫోన్ చేసింది తన రాత్రి గురించి చెప్పుకోవడానికి. ఫోన్ పెట్టేసింది తనెప్పుడూ చూడని పిల్లకి గాలి ఆడుతోందా అని కనుక్కుని. జ్ఞాపకం ఒక్కటే పంపితే అతను తన దగ్గరే ఆగిపోయేవాడు. వార్త ఒక్కటే పంపితే అసలు చదివేవాడు కాదు. ఇద్దర్నీ కలిపింది ఆ చోటు. అప్పటి నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే: ఉత్తరానికి ఒక చోటు. ఆ చోట అప్పుడేం జరిగింది, ఇప్పుడేం జరుగుతోంది. లైబ్రరీ మెట్లు, కెమిస్ట్రీ ల్యాబ్‌లో సింకు, ఆడపిల్లల వెయిటింగ్ రూమ్, గేటు ముందు బడ్డీకొట్టు. ఏదైనా సరే, రెండు కాలాలూ ఒకే కాగితం మీద ఉండాలి.

మన ప్రాంతంలో చోటునే ఎందుకు పట్టుకోవాలో ఇంకో కారణం ఉంది. మనకి యూనివర్సిటీ పేరు నిలకడగా లేదు. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీనే తీసుకోండి, కాకినాడ పి.ఆర్. కాలేజీని తీసుకోండి. ఒకే భవనంలో తాతగారు చదివితే పట్టా మద్రాసు యూనివర్సిటీది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక చదివిన కొడుకు పట్టా మీద దాని పేరు. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చింది కాబట్టి మనవరాలి పట్టా మీద నన్నయ గారి పేరు. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ కథా అంతే. 1946లో విశాఖపట్నం కాలేజీగా మొదలై కాకినాడ వచ్చింది. 1972లో జేఎన్‌టీయూ కిందికి వెళ్ళింది. 2008లో తనే ఒక యూనివర్సిటీ అయింది. ఆంధ్రా యూనివర్సిటీకి 2026తో నూరేళ్ళు, సంతోషం. ఆ నూరేళ్ళలో దాదాపు ఎనభై ఏళ్ళు మన డెల్టా కాలేజీల పిల్లలు కూడా ఆంధ్రా పట్టభద్రులే. కానీ మీలో ఎంతమంది వాల్తేరు కొండ ఎక్కి చూశారు? పట్టా మీద వాల్తేరు ఉంది, కళ్ళలో మాత్రం మన కాలేజీ గేటు ఉంది. తాతకీ మనవరాలికీ యూనివర్సిటీ పేరుతో చుట్టరికం కలపలేం. వాళ్ళిద్దరూ ఎక్కింది అవే మెట్లు, కలిపితే అక్కడే కలపాలి.

రాజమండ్రి కాలేజీ పేరెత్తాను కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు మనం వందేళ్ళ కిందటి సంగతి మాట్లాడుకుంటున్నాం. ఆస్వాల్డ్ కూల్డ్రే అని ఒక ఇంగ్లీషు దొర అక్కడ ప్రిన్సిపాల్‌గా చేశారు. స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావులో, అడివి బాపిరాజులో ఉన్న కళని మొదట గుర్తుపట్టిన గురువుల్లో ఒకరు. శిష్యుల్ని వెంటబెట్టుకుని అజంతా చూపించారు. ఆరోగ్యం చెడి ఇంగ్లండు వెళ్ళిపోయారు. అక్కడ కూర్చుని మన దేశపు జ్ఞాపకాలతో పుస్తకం రాశారు. రామారావు 1925లో పోయారు, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే. ఆయన బొమ్మలు ఇవాళ రాజమహేంద్రవరంలో గ్యాలరీలో ఉన్నాయి. నేనెప్పుడు వెళ్ళినా అక్కడ కాలేజీ పిల్లలు ఇద్దరు ముగ్గురికి మించి కనబడరు. తమ కాలేజీ వరండాల్లో తిరిగిన కుర్రాడే ఆ బొమ్మలు వేశాడని ఎవరూ వాళ్ళకి చెప్పలేదు. ఇందాకటి నుంచి మనం వెళ్ళిపోయినవాళ్ళకి కబురు పంపడం గురించే మాట్లాడుతున్నాం. కబురు రెండోవైపు కూడా వెళ్ళాలి. మా ఉత్తరం ఒక ప్రతి లైబ్రరీ నోటీసు బోర్డు మీద కూడా అంటిస్తాను.

ఇక వార్త అంటే ఏది? దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. సంఘాల పత్రికల్లో వార్త అంటే విజయాలు మాత్రమే వేస్తున్నారు. ర్యాంకు వచ్చింది, కంపెనీలో ఉద్యోగం వచ్చింది, భవనం కట్టారు. వెయ్యండి, తప్పులేదు. కానీ మనిషిని కదిలించేది మారిపోయిన సంగతి. ఒక ఉదాహరణ చెబుతాను. మా పాత విద్యార్థి ఒకాయన ఊరొచ్చి, కాలేజీ చూద్దామని లోపలికి వెళ్ళి, ఎదురొచ్చిన కుర్రాణ్ణి ప్రేమగా అడిగాడు, "ఏం గ్రూపు బాబూ? బీజెడ్‌సీయా, ఎంపీసీయా?" ఆ కుర్రాడు తెల్లమొహం వేశాడు. 2023లో మన రాష్ట్రంలో డిగ్రీలో మూడు సబ్జెక్టుల గ్రూపు పోయి ఒకే మేజర్ సబ్జెక్టు పద్ధతి వచ్చిందని ఈయనకి తెలియదు. "నాకక్కడ ఏం మాట్లాడాలో తెలియలేదండీ" అని నాతో అన్నాడు, గొంతులో చిన్నబోయినట్టుంది. ఆ మార్పు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. మార్పు జరిగిన సంగతి ఆయనకి ముందే తెలిసి ఉంటే, ఆ కుర్రాడితో పది నిమిషాలు మాట్లాడేవాడు. అందుకని, ఒక కోర్సు మూతపడితే రాయండి. ల్యాబ్ అటెండర్ రిటైరైతే రాయండి. హాస్టల్లో మంచినీళ్ళ ఇబ్బంది ఉంటే అదీ రాయండి. ఇంట్లో కష్టం కూడా చెప్పుకున్నప్పుడే కదండీ బంధువు.

చావు కబురు గురించి కూడా చెప్పాలి, నా పొరపాటుతో సహా. పాత మాస్టార్లు పోయిన వార్త ఎంత ఆలస్యంగా తెలిస్తే అంత బాధ. "కనీసం పదకొండో రోజుకైనా వచ్చేవాణ్ణి" అని ఎంతమంది అన్నారో. అందుకని నేను త్వరపడేదాన్ని. అయిదేళ్ళ కిందట ఒక పూర్వ విద్యార్థి పోయారని ఎవరో చెబితే ఉత్తరంలో వేసేశాను. మన వైపు ఒకే ఇంటిపేరు, ఒకే తాతగారి పేరు పెట్టుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. ఇంటిపేరూ పేరూ అవే, బ్యాచ్ కూడా ఒకటే, పోయినాయన వేరు. బతికున్నాయన తణుకు నుంచి ఫోన్ చేశారు. కోప్పడలేదు. "అమ్మా, నేనున్నాను. మా ఆవిడ ఉదయం నుంచి వచ్చిన ఫోన్లకి జవాబు చెప్పలేక ఏడుస్తోంది" అన్నారు. ఆ మర్నాడు బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాను. అప్పటి నుంచి మరణవార్త ఏదైనా, ఆ ఇంటి మనిషితో నేను స్వయంగా మాట్లాడాకే వేస్తాను. ఒక రోజు ఆలస్యమైనా పర్వాలేదు.

ఇప్పుడు పుస్తకం కార్డుల సంగతి. కంప్యూటర్ రాకముందు ప్రతి పుస్తకం వెనక చిన్న సంచీలో ఒక కార్డు ఉండేది, తీసుకున్నవాళ్ళు రోల్ నంబరు వేసి సంతకం చేసేవాళ్ళు. బార్‌కోడ్ అంటించేటప్పుడు ఆ కార్డులన్నీ చించి పారేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు, అట్టపెట్టెల్లో దాచాను. ఇప్పుడు చిరునామా దొరికిన వాళ్ళకి వాళ్ళ కార్డు ఫోటో తీసి పంపుతాను. పద్దెనిమిదేళ్ళ వయసులో తను పెట్టిన సంతకం మనిషికి కనబడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అయితే కార్డు ఒక్కటే పంపను. ఆ పుస్తకం ఇప్పుడెక్కడుందో కూడా రాస్తాను. ఒకాయన 1984లో ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం తీసుకున్నారు. చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. "మీ పుస్తకం ఇప్పటికీ పిల్లలు తీసుకెళ్తున్నారు, అట్ట ఊడిపోయింది, మళ్ళీ కుట్టించాం" అని రాశాను. మర్నాడే ఫోన్ వచ్చింది. "ఇంకా అదే చదువుతున్నారా మేడమ్? అందులో సగం పాతబడిపోయిందండీ!" నెల తిరక్కుండా కొత్త ఎడిషన్ పది ప్రతులు పార్సెల్లో దిగాయి. నేను విరాళం అడగలేదు.

ఆడపిల్లల గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం చేసి లాభం లేదు. మీ సంఘాల జాబితాలు తీసి చూడండి. 1980ల బ్యాచ్‌లో క్లాసులో పదిహేను మంది ఆడపిల్లలుంటే జాబితాలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళకి ఇష్టం లేక కాదు. నామినల్ రోల్లో, అంటే కాలేజీ పేర్ల పట్టీలో, పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, మనిషి ఇప్పుడు మరో ఇంటిపేరుతో మరో ఊళ్ళో ఉంది. వాట్సాప్ గ్రూపు మగపిల్లలు మొదలుపెడతారు, తెలిసినవాళ్ళని తెలిసినవాళ్ళు చేరుస్తారు, వీళ్ళు బయటే ఉండిపోతారు. నేను వెతికే తీరు చాలా పాతది. అడ్మిషన్ రిజిస్టర్లో తండ్రి పేరు, ఊరు ఉంటాయి. ఆ ఊరు వెళ్తాను, లేదా ఆ ఊరి నుంచి వచ్చి చదువుకునే మా విద్యార్థితో అడిగిస్తాను. మన ఊళ్ళల్లో ఎవరింటి ఆడపడుచుని ఏ ఊరిచ్చారో చెప్పలేని మనిషి ఉండదు. అలా దొరికిన ఒకావిడ, కోడలు చేతికి ఫోన్ ఇచ్చి నా ఉత్తరం పైకి చదివించుకుందట. "అత్తయ్యా, మీరు బీఎస్సీ చదివారా!" అని ఆ కోడలు అడిగిందట. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆవిడ ఈ సంక్రాంతికి మనవణ్ణి తీసుకుని కాలేజీకి వచ్చింది. బోటనీ ల్యాబ్ గుమ్మంలో చాలాసేపు నిలబడింది.

సంక్రాంతి అన్నాను కదా, కలుసుకునే రోజు గురించి ఒక మాట. మే నెలలోనో, డిసెంబరులోనో సమ్మేళనాలు పెట్టి, జనం రాలేదని బాధపడకండి. కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఎక్కడెక్కడి వాళ్ళూ ఊళ్ళోకి వచ్చి, ఆ రోజు ప్రయాణం పెట్టుకోకుండా ఉండేది అప్పుడే. కనుమ మధ్యాహ్నం భోజనాలయ్యాక, మూడింటికి కాలేజీ గేటు తీయించండి. స్టేజీ, మైకు, సన్మానం ఏమీ వద్దు. గదులు తాళాలు తీసి ఉంచండి, చాలు. మనుషులు తమ బెంచీ దగ్గరికి తామే వెళ్తారు. అప్పటి విద్యార్థులు పదిమంది ఉంటే, ఇప్పటి విద్యార్థుల్ని అయిదుగురిని కూడా అక్కడ ఉండమనండి.

మిగతా సంగతులు త్వరగా చెప్పేస్తాను. జిల్లా పేరుతో చిరునామాలు రాసుకోకండి. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీశాక అమలాపురం కోనసీమ జిల్లాలోకి వెళ్ళింది, తూర్పు గోదావరి అని రాసుకున్న పాత జాబితాలన్నీ తికమక. ఊరు, మండలం రాసుకోండి. ఫోన్ నంబర్లు అచ్చు వేసి పంచకండి. 2023లో వ్యక్తిగత డేటా పరిరక్షణకి చట్టమే వచ్చింది. అది రాకముందు కూడా, ఒక ఆడమనిషి నంబరు ఆమెని అడక్కుండా అచ్చు వెయ్యడం మర్యాద కాదు. డబ్బు విషయం: మొదటి ఉత్తరంలోనే అడగకండి, మూడో ఉత్తరంలోనూ అడగకండి. విదేశాల నుంచి ఇస్తామన్నప్పుడు పాస్‌పోర్టు ఏ దేశానిదో కనుక్కోండి. మన పౌరుడు అక్కడ సంపాదించి బ్యాంకు ద్వారా పంపితే ఒక లెక్క, ఆ దేశపు పౌరసత్వం తీసుకున్నాయన పంపితే అది విదేశీ విరాళం, దానికి కేంద్రం దగ్గర ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద, రిజిస్ట్రేషన్ ఉండాలి. తెలియక తీసుకుంటే చిక్కుల్లో పడేది సంఘమే, ఇచ్చిన మనిషి మనసు కూడా విరిగిపోతుంది.

దుబాయ్ కుర్రాడి ఫ్యాను సంగతి అడుగుతున్నారు ముందు వరసలో. వచ్చిందండి. ఒకటి కాదు, ఆ మెట్ల మీద నిలబడ్డవాళ్ళలో నలుగురు కలిసి నాలుగు ఫ్యాన్లు పెట్టించారు. ఆ అమ్మాయి బ్యాంకు పరీక్ష మొదటిసారి పోయింది, రెండోసారి నెగ్గింది. ఇప్పుడు పాలకొల్లు దగ్గర ఒక బ్రాంచిలో పనిచేస్తోంది. క్రితం ఉత్తరంలో ఆ బీరువా గురించి ఒక పేరా రాయమంటే రాసి పంపింది. ఇప్పుడు తనూ పూర్వ విద్యార్థే కదా. చార ఇంకా ఉందా అని నన్నే అడిగింది.

ఉగాది ఉత్తరానికి సైకిల్ స్టాండు అనుకుంటున్నాను. ఒకప్పుడు అక్కడ వందల సైకిళ్ళు ఉండేవి. గుంటూరు, తెనాలి మాట నాకు తెలియదు గానీ, మన కాలవ గట్ల మీద సైకిల్ తొక్కకుండా డిగ్రీ అయినవాళ్ళు ఆ రోజుల్లో లేరు. ఇప్పుడు సగం బైకులు, సగం ఖాళీ. ఆ ఖాళీలో ఎన్‌సీసీ పిల్లలు సాయంత్రం డ్రిల్లు చేస్తున్నారు. ఇప్పటి సంగతి దొరికింది, అప్పటిదే ఇంకా పూర్తిగా దొరకలేదు. స్టాండులో సైకిల్ పెడితే నంబరు కొట్టిన రేకు బిళ్ళ ఇచ్చేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. సాయంత్రం తిరిగి ఇవ్వడం మర్చిపోయి ఇంటికి పట్టుకుపోయిన బిళ్ళ ఎవరి డ్రాయర్లోనైనా ఇంకా ఉంటే, భోజనాల దగ్గర నాకు చెప్పండి. ఫోటో తీసుకోవాలి.